మీవారు ఆగస్టులో, బుజ్జిగాడు అక్టోబర్‌లో

ప్రశ్న: మాది మియాపూర్. మావారికి బెర్లిన్‌లో ఉద్యోగం వచ్చింది. బ్లూ కార్డ్ (బయటి దేశాల నిపుణులకు యూరప్‌లో ఉద్యోగం చేయడానికిచ్చే అనుమతి) మీద వెళ్తున్నారు, ఆగస్టు 1న చేరాలి. నాకు కూడా వీసా వస్తుంది. మాకు పిల్లల్లేరు గానీ ఇంట్లో ఇంకో ఇద్దరున్నారు. బుజ్జిగాడు లాక్‌డౌన్‌లో మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర దొరికిన వీధి కుక్కపిల్ల, ఇప్పుడు వాడికి ఆరేళ్లు. చిట్టి నాలుగేళ్ల పిల్లి. బుజ్జిగాడికి ఏటా రేబిస్ ఇంజెక్షన్ వేయిస్తున్నాం, కార్డుంది. చిట్టికి చిన్నప్పుడు ఒకసారి వేయించాం, అంతే. చిప్పులాంటివేమీ లేవు. అందరం ఒకేసారి వెళ్దామని మావారి పట్టు. "కుక్కకీ పిల్లికీ లక్షలు తగలేస్తారా, మన ఊళ్లో వదిలేయండి, నేను చూసుకుంటాను" అని అత్తగారు. వాళ్లది తణుకు దగ్గర పల్లె. నాకు జర్మన్ రాదు. ఆయన ఆఫీసుకి వెళ్లిపోతే ఆ చలిలో నాలుగు గోడల మధ్య నేనూ ఈ రెండు ప్రాణులూ ఎలా ఉంటామోనని టెన్షన్‌గా ఉంది. ఒకవేళ రెండేళ్లకే తిరిగొచ్చేస్తే అప్పుడేంటి? ఏం చేయమంటారు? — ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మీ ఉత్తరం జూన్ మొదటి వారంలో అందింది. అందులో చాలా ప్రశ్నలున్నాయి గానీ ముందు తేలాల్సింది ఒక్కటే. ఆగస్టు 1కి మీ బుజ్జిగాడు, చిట్టి బెర్లిన్‌లో దిగడం జరగని పని. ఎంత డబ్బు పోసినా జరగదు. "అంతా మేం చూసుకుంటాం మేడమ్, నెలలో పంపించేస్తాం" అనే ఏజెంటు ఎవరైనా తగిలితే కాఫీ కూడా తాగకుండా లేచి వచ్చేయండి.

ఎందుకంటే రేబిస్ విషయంలో యూరోపియన్ యూనియన్ కొన్ని దేశాలను నమ్మకమైనవని జాబితా కట్టింది. ఆ జాబితాలో మన దేశం లేదు. అక్కడ లేని దేశం నుంచి కుక్కైనా పిల్లైనా వెళ్లాలంటే ఒక వరస ఉంటుంది. ముందు మైక్రోచిప్, అంటే చర్మం కింద వేసే గుర్తింపు నంబర్. ఆ తర్వాత రేబిస్ టీకా. టీకా వేసిన 30 రోజులు దాటాక రక్తం తీసి, యూరోపియన్ యూనియన్ ఆమోదించిన ల్యాబ్‌కి టైటర్ పరీక్షకు, అంటే టీకా వల్ల రక్తంలో రక్షణ ఎంత వచ్చిందో చూసే పరీక్షకు పంపాలి. ఫలితం మిల్లీలీటరుకు 0.5 ఇంటర్నేషనల్ యూనిట్లు, లేదా అంతకంటే ఎక్కువ రావాలి. అది వచ్చినా వెంటనే ఎక్కించడానికి లేదు. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి.

చిప్పుకి ముందు వేసిన టీకాలు లెక్కలోకి రావు. బుజ్జిగాడి కార్డులో ఆరేళ్ల స్టిక్కర్లున్నా సరే, ఈ కుక్కకే వేశారనడానికి రుజువు లేదంటారు. కాబట్టి వాడూ చిట్టీ ఇద్దరూ ఒకే గీత మీద నిలబడ్డారు. జూన్ 10న చిప్పు, టీకా వేయించారనుకోండి, జూలై 10 దాటాక రక్తం, అక్టోబర్ రెండో వారం దాటాక ప్రయాణం. ఇందులో తగ్గించుకునే రోజు ఒక్కటీ లేదు.

మీవారి పట్టు వదిలించడానికి నా దగ్గరున్న మాట ఇదే. అందరం ఒకేసారి వెళ్దామని ఆయన అంటున్నది ప్రేమతోనే, కాదనను. కానీ అలా అన్నప్పుడు చివరికి మిగిలేది "వీటిని ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్న మాటే. తేదీ కంపెనీది, గడువు రేబిస్‌ది, మధ్యలో నలిగేది మీరు. ఆయన్ని ఆగస్టులో వెళ్లనివ్వండి. మీరు వీటితో అక్టోబర్‌లోనో నవంబర్‌లోనో వెళ్లండి. కొత్తగా కాపురం పెట్టిన ఊళ్లో మొగుడు మూడు నెలలు ఒంటరిగా ఉంటే కొంపలేమీ మునగవు. పైగా ఆయన ఒంటరిగా ఉండడమే మీకు లాభం, ఎందుకో కింద చెప్తాను.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది చూసుకోరు. యజమాని ప్రయాణానికీ జంతువు ప్రయాణానికీ మధ్య ఐదు రోజులకు మించి తేడా ఉంటే యూరప్ వాళ్లు దాన్ని ఇంటి పెంపుడు జంతువుగా చూడరు, వ్యాపార సరుకు కింద లెక్కేస్తారు. అప్పుడు కాగితాలూ వేరు, ఖర్చూ వేరు. మీవారు ఆగస్టులో వెళ్లిపోయి, కాగితాల్లో యజమానిగా ఆయన పేరే ఉంటే మీరు ఆ గోతిలో పడతారు. అందుకని చిప్ రిజిస్ట్రేషన్ దగ్గర్నుంచి టీకా పుస్తకం, ల్యాబ్ రిపోర్టు, హెల్త్ సర్టిఫికెట్ దాకా అన్నిట్లోనూ యజమాని మీరే అయి ఉండాలి, పాస్‌పోర్టులో ఎలా ఉందో అచ్చంగా అదే పేరుతో. మీరు, బుజ్జిగాడు, చిట్టి ఒకే విమానంలో. ఇంటి పేరు ముందో వెనకో అన్న గొడవ మన పాస్‌పోర్టుల్లో ఎప్పుడూ ఉండేదే కదా, అది ఇప్పుడే చూసుకోండి.

చిప్పు వేయించే రోజు డాక్టర్ గారి దగ్గర పది నిమిషాలు ఎక్కువ కూర్చోండి. ఐఎస్ఓ ప్రమాణం ఉన్న 15 అంకెల చిప్పే కావాలని అడగండి. భుజాల మధ్య చర్మం కింద వేస్తారు, బియ్యపు గింజంత ఉంటుంది. వేయగానే స్కానర్ పెట్టి చదివించండి. స్కానర్ మీద కనిపించే అంకెలు మీరు పైకి చదవండి, కాంపౌండర్ పుస్తకంలో రాసినవి ఇంకొకరు చదవండి. రక్తం తీసే రోజున మళ్లీ స్కాన్ చేయించి, ఆ నంబర్ ల్యాబ్ ఫారంలో సరిగ్గా పడిందో లేదో చూడండి. జర్మనీలో మీరు ముందు దిగబోయే ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో ఆఫీసర్ చేసేది కూడా ఇంతే. మెడ మీద స్కానర్ తిప్పుతారు, అంకెలు కాగితంతో పోలుస్తారు. అక్కడ 6 బదులు 8 ఉంటే మీ నాలుగు నెలల ఓపికా గంగపాలు. చిప్పు కొన్నాళ్లకి భుజం వైపు జారడం మామూలే. మెడ దగ్గర దొరక్కపోతే కంగారు పడకుండా పక్కల కూడా చూడమనండి.

చిట్టికి రేబిస్ టీకా మొదటిసారి వేసినట్టే లెక్క. మొదటిసారి వేసుకున్న వాటిలో ఒక్కోసారి 0.5 అందదు. అప్పుడు మళ్లీ టీకా, మళ్లీ రక్తం, మళ్లీ మూడు నెలలు. బూస్టర్ వేసి రక్తం తీయడం మంచిదా అని డాక్టర్‌ని ముందే అడగండి. ఇంకో మాట. టైటర్ ఒకసారి పాసైతే, ఆ తర్వాత టీకా గడువు ఒక్క రోజు కూడా తప్పకుండా వేయిస్తున్నంత కాలం మళ్లీ చేయించక్కర్లేదు. గడువు దాటితే మాత్రం కథ మొదటికొస్తుంది.

బుజ్జిగాడి జాతి దగ్గర డాక్టర్ ఏం రాస్తున్నారో కూడా చూడండి. మనవాళ్లు సరదాకి "కొంచెం పిట్‌బుల్ పోలికలున్నాయండీ" అని రాసేస్తుంటారు. పిట్‌బుల్ టెర్రియర్, అమెరికన్ స్టాఫర్డ్‌షైర్, స్టాఫర్డ్‌షైర్ బుల్ టెర్రియర్, బుల్ టెర్రియర్, వీటి సంకరాలు జర్మనీలోకి తీసుకెళ్లడానికి 2001 నాటి చట్టం ఒప్పుకోదు. వీధి కుక్కని వీధి కుక్కలాగే, మిశ్రమ జాతి దేశీ కుక్క అని రాయించండి. వాడికది చిన్నతనమేమీ కాదు. అన్నట్టు వీధి కుక్క కావడం ఇక్కడ వాడికి కలిసొచ్చింది. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు విమానంలో ఊపిరాడక ప్రమాదమని చాలా ఎయిర్‌లైన్స్ వాటిని సామాన్లు పెట్టే కింది అరలో ఎక్కించుకోవు. బుజ్జిగాడి పొడవాటి మూతికి ఆ బాధ లేదు.

టైటర్ రిపోర్టు చేతికొచ్చాకే టికెట్ మాట ఎత్తండి. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి లుఫ్తాన్సా నేరుగా నడుపుతోంది, తొమ్మిది గంటలకు అటూ ఇటూగా ప్రయాణం. మధ్యలో దుబాయ్‌లోనో దోహాలోనో దిగి ఎక్కే బేరాలు ఎంత చవగ్గా దొరికినా వద్దు. సంచీతో కలిపి 8 కిలోలు దాటకపోతే చిట్టి మీ కాళ్ల దగ్గరే, మీతోనే క్యాబిన్‌లో వస్తుంది. బుజ్జిగాడు క్రేట్‌లో, అంటే తలుపున్న గట్టి పెట్టెలో, కింది అరలో. ఒక్కో విమానంలో ఇన్నే జంతువులని పరిమితి ఉంటుంది. కాబట్టి ముందు ఫోన్ చేసి వీళ్లిద్దరికీ చోటుందని ఖాయం చేసుకుని, తర్వాత మీ టికెట్ కొనండి. చాలామంది వరస తిప్పి చేసి ఏడుస్తుంటారు.

విమానం ఇంకో పది రోజులుందనగా అసలు కాగితం మొదలవుతుంది. యానిమల్ క్వారంటైన్ అండ్ సర్టిఫికేషన్ సర్వీస్ అని కేంద్ర ప్రభుత్వ ఆఫీసు ఒకటి ఉంది, హైదరాబాద్‌లో కూడా ఉంది. జంతువుల్ని తీసుకెళ్లి చూపించి, యూరోపియన్ యూనియన్ నమూనాలో హెల్త్ సర్టిఫికెట్ తీసుకోవాలి. మీరు జర్మనీలో దిగుతున్నారు కాబట్టి అది జర్మన్‌లోనూ ఇంగ్లీషులోనూ కలిపి ఉన్న ఫారం అయి ఉండాలి. సంతకం పడిన పది రోజుల్లోపల మీరు అక్కడ దిగాలి. మధ్యలో సెలవులు, రెండో శనివారాలు చూసుకోండి, దసరా దీపావళి రోజులవి. ఏజెన్సీకి అప్పజెప్పాలా అని మీరు అడగలేదు గానీ అడుగుతారని తెలుసు. ఈ ఆఫీసు చుట్టూ తిరగడానికి, క్రేట్ కొలతలకు పెట్టుకోవచ్చు, తప్పు లేదు. అయితే వాళ్లిచ్చే కొటేషన్‌లో క్రేట్ ఉందా, ల్యాబ్ ఫీజు ఉందా, విమానం ఛార్జీ ఉందా అని గీత గీతకీ అడగండి. చిప్పూ, టీకా, రక్తం మాత్రం మీ కళ్ల ముందే జరగాలి.

క్రేట్ ఇప్పుడే కొనండి. ప్రయాణం ముందు రోజు కాదు, ఈ నెల్లోనే. వాడు లోపల తల తగలకుండా నిలబడాలి, చుట్టూ తిరగాలి, కాళ్లు చాపి పడుకోవాలి. అంతకంటే చిన్నదైతే ఎయిర్‌లైన్ వాళ్లు కౌంటర్ దగ్గరే వెనక్కి పంపేస్తారు. హాల్లో పెట్టి తలుపు ఊడదీసేయండి. లోపల మీ పాత కాటన్ చీర ఒకటి పరవండి. మొదటి వారం పెరుగన్నం గిన్నె క్రేట్ గుమ్మంలో, తర్వాత సగం లోపల, తర్వాత వెనక గోడ దగ్గర. తనంతట తనే వెళ్లి మధ్యాహ్నం కునుకు తీస్తున్నాడనుకున్నాక తలుపు బిగించండి, ముందు రెండు నిమిషాలు, తర్వాత పావుగంట, తర్వాత మీరు కూరగాయలకి వెళ్లొచ్చేంత సేపు. నాలుగు నెలల గడువు మీకు శిక్షలా కనిపిస్తోంది గానీ కుక్కకి దీనికి ఆ మాత్రం టైమ్ కావాలి. మత్తు మందు గురించి ఎవరైనా సలహా ఇస్తే వినకండి. గాల్లో బీపీ, ఊపిరి తేడా చేస్తాయి, మత్తులో ఉన్న జంతువుని ఎయిర్‌లైన్స్ తీసుకోవు కూడా. నీళ్ల గిన్నెని ముందు రాత్రి ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి క్రేట్‌కి తగిలిస్తే ఎక్కించేటప్పుడు ఒలక్కుండా మెల్లగా కరుగుతుంది.

చిట్టికి ఇంకో రకం గండం. శంషాబాద్‌లో సెక్యూరిటీ దగ్గర సంచీ ఎక్స్‌రేలోకి వెళ్తుంది, పిల్లి మీ చేతుల్లో ఉండాలి. బెల్టు కూతలు, ట్రేల చప్పుడు, జనం. అప్పుడు ఒళ్లోంచి దూకిందంటే ఆ హాల్లో పట్టుకోవడం ఎవరి తరం కాదు. ఇంటి దగ్గరే హార్నెస్ వేసి, దాని తాడు మీ మణికట్టుకి చుట్టుకోండి. "విడిగా గదిలో చెక్ చేస్తారా" అని అడగండి, అడగడంలో తప్పు లేదు.

మీ సూట్‌కేసు గురించి కూడా ఒక మాట. యూరప్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు లగేజీలో తీసుకెళ్లకూడదు. కుక్క తినే మాంసం బిస్కెట్లు, నమిలే ఎముకలు కూడా దాని కిందికే వస్తాయి. మీ అత్తగారు ప్రేమగా కట్టిచ్చే కోడి పచ్చడి, నెయ్యి సీసా కూడా. జంతువులతో వెళ్లేవాళ్లు ఎలాగూ కస్టమ్స్ దగ్గర ఆగాలి కాబట్టి మీ పెట్టె మామూలుగా కంటే ఎక్కువ పైకి కనిపిస్తుంది. ఆవకాయతో సరిపెట్టుకోండి.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాక "చూపించాల్సినవి ఉన్నాయి" అనే ఎర్ర గుర్తు దారిలో వెళ్లి కాగితాలూ జంతువులూ చూపించండి. అక్కడి నుంచి బెర్లిన్‌కి మళ్లీ విమానం ఎక్కించకండి. మీవారిని ఫ్రాంక్‌ఫర్ట్‌కి రమ్మనండి. రైల్లో నాలుగున్నర గంటలకు అటూ ఇటూగా బెర్లిన్. బుజ్జిగాడు క్రేట్‌లోంచి బయటికొచ్చి, గడ్డి మీద నాలుగు అడుగులు వేసి, పోసుకోవాల్సింది పోసుకుని, మీ కాళ్ల దగ్గర పడుకుని వస్తాడు. వాడికి టికెట్ కొనాలి, లీష్, మూతికి మజిల్ ఉండాలి. మజిల్ కూడా ఇక్కడే అలవాటు చేయండి, బెర్లిన్ మెట్రోల్లోనూ అదే రూలు. చిట్టి సంచీలో ఉంటే టికెట్ అక్కర్లేదు. క్రేట్ పై సగం మరలు విప్పి కింది సగంలో బోర్లిస్తే రైల్లో పట్టేస్తుంది. చిన్న స్పానర్ ఒకటి చెక్-ఇన్ సూట్‌కేసులో వేసుకోండి.

ఇప్పుడు ఆయన ముందు వెళ్తే లాభమన్నానే, అది ఇల్లు. కంపెనీ మొదటి నెలల్లో ఇచ్చే ఫర్నిచర్ ఇళ్లలో ఎక్కువ భాగం జంతువుల్ని రానివ్వరు. ఆయన అక్కడ ఒక్కడే ఉండి, సొంతంగా అద్దె ఇల్లు వెతికి, మీరు దిగేసరికి తాళం చేతిలో ఉంచుకోవాలి. బెర్లిన్‌లో ఇల్లు దొరకడం హైదరాబాద్‌లోలా కాదు, ఒక్క ఫ్లాట్ చూడ్డానికి మెట్ల మీద క్యూ కడతారు. కుక్కలూ పిల్లులూ అసలే కుదరవని అద్దె ఒప్పందంలో గంపగుత్తగా రాసే షరతు చెల్లదని అక్కడి ఫెడరల్ కోర్టు 2013లో చెప్పింది. అలాగని ఆ తీర్పు జేబులో పెట్టుకుని కుక్క సంగతి దాచడం నాకు నచ్చదు. ఓనర్ ఎంచుకునేది వందమందిలో ఒకరిని. మొదటి మెయిల్‌లోనే బుజ్జిగాడి ఫోటో, ఆరేళ్లు, గొడవ చేయడు, టీకాలున్నాయి, ఇన్సూరెన్స్ తీసుకుంటాం అని రాయమనండి. కొన్ని ఇళ్లు పోతాయి. పోనివ్వండి, అవి మీ ఇళ్లు కావు. అనుమతి మాత్రం రాతపూర్వకంగా తీసుకోవాలి. లిఫ్ట్ లేని పాత బిల్డింగులు ఎక్కువ, నాలుగో అంతస్తు వద్దు. రేపు వాడికి కాలు నొప్పొస్తే మోయాల్సింది మీరే.

ఇల్లు చూసేటప్పుడు కిటికీలు చూడమనండి, ఇది చిట్టి కోసం. జర్మనీలో కిటికీ రెక్కని పక్కకే కాక, పైభాగం లోపలికి వంచి కూడా తెరుస్తారు, పైన వి ఆకారంలో సందు వస్తుంది. గాలి కోసమని అలా వదిలేసి బయటికెళ్తారు. పిల్లి ఆ సందులోంచి బయటికి దూరబోతుంది, కిందికి జారుతుంది, సందు ఇరుకైపోతూ నడుము దగ్గర బిగుసుకుపోతుంది. ఎంత కొట్టుకుంటే అంత కిందికి దిగుతుంది. ప్రాణాలు పోయిన పిల్లులున్నాయి, వెన్ను విరిగినవీ ఉన్నాయి. అక్కడి పశువైద్యులు ఈ ప్రమాదాన్ని బాగా ఎరుగుదురు. ఆ సందుకి పక్కల బిగించే జాలీలు పెట్ షాపుల్లో దొరుకుతాయి. మీరు దిగే రోజుకి అవి బిగించి ఉండాలి, ఒకవేళ లేకపోతే మనిషి గదిలో లేనప్పుడు ఒక్క కిటికీ కూడా వంచకూడదు. మియాపూర్ బాల్కనీకి ఉన్న గ్రిల్లు అక్కడ ఉండదు. బాల్కనీకి వల కట్టాలంటే, గోడకి రంధ్రం వేసేదైతే ఓనర్‌ని అడగాలి.

బెర్లిన్‌లో కుక్కకి ఏటా పన్ను కట్టాలి, మొదటి కుక్కకి 120 యూరోలు. రెండో కుక్క ముచ్చట తీర్చుకుంటే దానికి 180. పిల్లికి లేదు. వాడు ఎవరినైనా కరిచినా, సైకిల్‌కి అడ్డం పడ్డా నష్టం కట్టే ఇన్సూరెన్స్ ఆ నగరంలో తప్పనిసరి, పది లక్షల యూరోలకు తక్కువ కాకుండా. వాడి వివరాలు నగరపు కుక్కల రిజిస్టర్‌లో ఎక్కించాలి. ఇవన్నీ మీ అడ్రస్ రిజిస్ట్రేషన్ అయిన వెంటనే మీవారితో చేయించేయండి. డాక్టర్ ఫీజులు ప్రభుత్వం నిర్ణయించిన పట్టీ ప్రకారం ఉంటాయి, డాక్టరు కేసుని బట్టి దానికి మూడు రెట్ల దాకా తీసుకోవచ్చు, రాత్రిపూట ఎమర్జెన్సీ అయితే నాలుగు రెట్లు కూడా. కాబట్టి మన దగ్గర గోమార్ల జ్వరం ఎక్కువ కదా, దాని రక్తపరీక్ష, పళ్ల క్లీనింగ్ ఉంటే అదీ ఇక్కడే ముగించుకుని వెళ్లండి.

మీ అసలు భయం ఉత్తరం చివర్లో ఉంది. జర్మన్ రాదు, చలి, నాలుగు గోడలు. చెప్పమంటే నిజం చెప్తాను, డిసెంబర్‌లో అక్కడ సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడుతుంది. డిపెండెంట్ వీసా మీద వెళ్లి ఆ చీకట్లో సోఫాలో కూర్చుండిపోయిన మనవాళ్ల ఆడపిల్లల్ని చాలామందిని ఎరుగుదును. వాళ్లకి లేనిది మీకుంది. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం, రాత్రి, మీకు మనసున్నా లేకున్నా బుజ్జిగాడు తలుపు దగ్గర నిలబడతాడు. వెళ్లక తప్పదు. బెర్లిన్‌లో రిజిస్టర్ అయిన కుక్కలే లక్షకు పైన ఉన్నాయి. మొహం ముడుచుకుని పోయే జర్మన్ ముసలాయన మీతో మాట్లాడడు గానీ మీ కుక్కతో మాట్లాడతాడు. ఆడా మగా, పేరేంటి, ఎన్నేళ్లు, ఎక్కడిది అని. ఈ నాలుగింటికి జవాబులు వస్తే మొదటి నెల గడిచిపోతుంది. బ్లూ కార్డ్ వాళ్ల భార్యకి వీసా కోసం జర్మన్ పరీక్ష అక్కర్లేదు నిజమే. అయినా మీకు ఖాళీగా దొరికిన ఈ నాలుగు నెలల్లో హైదరాబాద్ గోథె సెంటర్‌లో ఏ1 కోర్సులో, అంటే జర్మన్ మొదటి మెట్టులో చేరండి. దిగాక ఒక కుక్కల ట్రైనింగ్ స్కూల్లో చేరండి, బుజ్జిగాడికి కాదు, మీకు. వారం వారం అవే మొహాలు కనిపించే చోటు కొత్త ఊళ్లో అంత సులువుగా దొరకదు.

లీష్ విప్పి పరిగెత్తించడానికి గ్రూనెవాల్డ్ అడవిలో సరస్సు చుట్టూ పెద్ద చోటుంది, లోకల్ రైల్లో పోవచ్చు. టెంపెల్‌హోఫ్‌లో పాత విమానాశ్రయం మైదానంలో కంచె వేసిన కుక్కల మైదానాలున్నాయి. మొదటి కొన్ని వారాలు కంచె ఉన్న చోటే నయం, వీధిలో పెరిగిన రక్తం, కొత్త వాసనలకి పరిగెత్తుతాడు. పిల్లలు ఆడుకునే చోట్లకి మాత్రం తీసుకెళ్లకండి, ఒప్పుకోరు. వాడి పలచటి బొచ్చుకి కోటు కొనాల్సిందే, నవ్వినా నవ్వనివ్వండి. బెర్లిన్‌లో చెట్లు పాడవుతాయని కాలిబాటల మీద ఉప్పు చల్లనివ్వరు, కంకర నూక చల్లుతారు. అది గోళ్ల మధ్య ఇరుక్కుంటుంది. ఇంటికి రాగానే కాళ్లు గోరువెచ్చని నీళ్లతో కడగండి.

దీపావళికి వాడు మంచం కింద దూరతాడా? అయితే వినండి. జర్మనీలో టపాకాయలు అమ్మేది డిసెంబర్ చివరి మూడు రోజులే, కాల్చేది 31 రాత్రి. ఏడాది మొత్తం దాచుకున్నది ఆ ఒక్క రాత్రి బెర్లిన్ రోడ్ల మీద పేలుతుంది. మీరు దిగిన రెండు నెలలకే వచ్చి పడుతుంది. 28 నుంచే లీష్ విప్పకండి, చీకటి పడకముందే బయట పనులు ముగించండి, ఆ రాత్రి కర్టెన్లు వేసి టీవీ గట్టిగా పెట్టండి. అంతకంటే ముందు టాస్సో అనే సంస్థ దగ్గర చిప్ నంబర్లు నమోదు చేయించండి, డబ్బు తీసుకోరు. భారత్‌లో వేసిన చిప్పు అక్కడ ఎవరో చదివితే ఎవరికి ఫోన్ చేయాలో తెలిసేది దాని వల్లే.

అత్తగారి మాట. ఆవిడ చెడ్డ సలహా ఇచ్చారని అనుకోను. ఊళ్లో పెరిగిన కుక్కలు బతికే బతుకు ఆవిడకి తెలుసు, వాటికేం తక్కువైందని ఆవిడ ఉద్దేశం. కానీ ఆరేళ్లు ఏసీ గదిలో మీ పక్కన పడుకున్నవాడిని తణుకు దగ్గర పల్లెలో వదిలితే ముందు అక్కడి కుక్కలు ఒప్పుకోవు. కొత్త కుక్క వీధిలోకి వస్తే అవి ఏం చేస్తాయో ఆవిడనే అడగండి, ఆవిడే చెప్తారు. వాడు పద్నాలుగేళ్ల ముసలివాడై, గుండె జబ్బుతో ఉంటే నేనూ వేరే మాట చెప్పేదాన్ని. ఆరేళ్ల ఆరోగ్యమైన కుక్కకి, నాలుగేళ్ల పిల్లికి ఆ ప్రయాణం పెద్ద భారం కాదు. ఖర్చు ఎంతైందో ఆవిడకి చెప్పాల్సిన పని కూడా లేదు, మీ ఆయన జీతం లెక్కలు ఆవిడ అడిగితే అప్పుడు చూద్దాం.

రెండేళ్లకే తిరిగొచ్చేస్తే అన్నారు. రావచ్చు. అక్కడి పశువైద్యుల దగ్గర ఇద్దరికీ యూరోపియన్ పెట్ పాస్‌పోర్టులు చేయించి, రేబిస్ టీకా గడువు తప్పకుండా వేయిస్తూ ఉండండి. ఈ టైటర్ ఫలితం కూడా అందులో ఎక్కించమనండి. అలా ఉంటే సెలవులకి హైదరాబాద్ తెచ్చి తిరిగి తీసుకెళ్లినా మళ్లీ మూడు నెలలు ఆగక్కర్లేదు. శాశ్వతంగా వచ్చేటప్పుడు ఇక్కడి యానిమల్ క్వారంటైన్ ఆఫీసు నుంచి ముందుగానే ఎన్‌ఓసీ తీసుకోవాలి, మనిషికి రెండు జంతువులని పరిమితి. మీకు ఉన్నవి రెండే. దిగే ఊరు హైదరాబాద్ అయినా పర్వాలేదు, జంతువుల్ని అనుమతించే విమానాశ్రయాల్లో అదీ ఉంది.